అప్ప అడిగిన ఇంగ్లీషు మాట

ఆదివారం అప్ప, అంటే మా అక్క, వంట ఆపి ఫోను నా ముందు పెట్టింది. "ఇదేటే? ఇంగ్లీషు టీచరువి కదా, సెప్పు."

ఖరగ్‌పూర్‌లో అప్ప ఉండే రైల్వే కాలనీ వాట్సాప్ గ్రూపు అది. చివరి క్వార్టర్లో "గోయింగ్స్ ఆన్" ఎక్కువయ్యాయి, అందరూ గమనించాలి అని ఇంగ్లీషులో రాశాడు పక్కింటి పెద్దాయన. మా సిక్కోలు వైపు మనిషే. తెలుగులో రాస్తే ఏం చూశాడో తేల్చి చెప్పాలి, అందుకని ఇంగ్లీషు చాటున దాక్కున్నాడు.

ఆ చివరి క్వార్టరు అప్పది. బావ పోయాక ఆయన బదులు రైల్వేలో ఉద్యోగం ఈవిడకి వచ్చింది. ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లలు నలుగురు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆమె చేతి అన్నం తిని పోతారు. పాపం, హాస్టల్ కూరల్లో ఆవనూనె వాళ్లకి పడదు. కానీ ఒంటరి ఆడది, తలుపేసిన ఇల్లు, వయసు కుర్రాళ్లు. ఎవడైనా పైకి ఫిర్యాదు పెడితే పరువుతో పాటు క్వార్టరుకీ ఎసరే.

"జరుగుతున్న సంగతులు అని. అంతే," అన్నాను.

"మరి నీ మొకం అలగైపోనాదేటి?"

చెప్పక తప్పలేదు. పెళ్లినీ పురుడునీ ఎవరూ ఆ మాటతో చెప్పరు. చూసేవాడికి గిట్టనిది, చాటుమాటుగా ఏదో నడుస్తోందని అనిపించాలంటే వాడతారు. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు, మిగతాది చదివేవాళ్లే అల్లుకుంటారు. అందుకే ఆ మాటంటే నాకు ఒళ్లు మంట.

అప్ప వెళ్లి గరిటె అందుకుంది. పొయ్యి మీద పులుసు మరుగుతోంది.

"మీ బావున్నప్పుడూ పిల్లలొచ్చీవోరు. ఆ పెద్దాయనా పక్కన కూకుని తిన్నాడు. అప్పుడు దీన్నేటనీవోరే?"

"భోజనాలు అనేవారు."

బయట పిల్లల సైకిళ్లు ఆగిన చప్పుడు. చుట్టుపక్కల వరండాల్లో మాటలు ఆగిపోయాయి.

"ఈ వారానికి వద్దని పంపించేద్దాం అప్పా," అన్నాను. నిజంగానే భయమేసింది.

ఆమె వినిపించుకోలేదు. తలుపులు రెండూ బార్లా తీసింది. చాపలు తీసుకెళ్లి వరండాలో, పక్కింటి ముందు పెద్దాయన వేసుకుని కూర్చున్న కుర్చీకి ఎదురుగా పరిచింది. పిల్లల్ని కూర్చోబెట్టి వడ్డించింది.

పిల్లలకేమీ తెలీదు. "ఇవాళ బయటేంటి ఆంటీ?" అన్నాడొకడు.

"లోపల గాలాడ్డం లేదు నాన్నా," అంది అప్ప, పెద్దాయన వైపే చూస్తూ.

ఆయన లేచి, కుర్చీ అక్కడే వదిలేసి, ఇంట్లోకెళ్లి తలుపేసుకున్నాడు.