సగానికే సంతకం పెట్టిన ఓబుళమ్మ

పోయిన నెల అనంతపురంలో చేనేత ప్రదర్శనకు వెళ్లాను. ఒక మూల గుంట మగ్గం మీద ఎవరో పట్టుచీర నేస్తున్నారు. ఆ చప్పుడు చెవిన పడగానే నిలబడిపోయాను. ధర్మవరంలో నేనున్న గదికీ ఓబుళమ్మ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ చప్పుడుతోనే చాలా ఏళ్లు నాకు తెల్లవారింది.

డెబ్భయ్యో దశకం చివర్లో నేను అక్కడి బడిలో తాత్కాలిక పంతులమ్మను. నాకు ఇరవై నాలుగేళ్లు, ఆమెకు యాభై దాటాయి. భర్త పోయాక, అప్పటికింకా సొంత మగ్గం లేక, వేరేవాళ్ల ఇంట్లో కూలికి నేసేది. ఒక్క పోగు తప్పినా ఆ భాగమంతా విప్పి మళ్లీ నేసేది. మాట మాత్రం కరుకు. మేమిద్దరం ఊళ్లోని ఒక చిన్న బ్యాంకులోనే దాచుకునేవాళ్లం. నాకు ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లాలని, ఆమెకు సొంత మగ్గం కొనాలని కోరిక. వరుసగా వానలు లేక రైతులు అప్పులు కట్టలేకపోయారు. బ్యాంకు పెద్దలు తమ బంధువులకు ఇచ్చుకున్న అప్పుల్ని ఎవరూ అడగలేదు. ఒక సోమవారం బ్యాంకు తలుపులు తెరుచుకోలేదు.

కొన్ని నెలలకు, దాన్ని మూసేసే పని చూడటానికి ఒక అధికారి వచ్చాడు. దాచుకున్నవాళ్లకు రెండు దారులు చెప్పాడు. ఇప్పుడే సగం తీసుకుని, మిగతాది ఇక అడగబోమని సంతకం పెట్టొచ్చు. లేదా బ్యాంకు భవనం అమ్ముడై, బాకీలు వసూలయ్యేదాకా ఆగొచ్చు. అప్పుడు మొత్తం రావొచ్చు, ఏమీ రాకపోనూ వచ్చు.

భవనం బజారు మధ్యలో ఉంది. దానికి మంచి ధర వస్తుందనిపించి, ఆ సాయంత్రమే ఆమెతో అన్నాను. “ఆగుదాం పెద్దమ్మా. తొందరపడితే సగం పోతుంది.”

“ఎన్నేండ్లు ఆగల్ల?”

“రెండేళ్లో, మూడేళ్లో.”

“పై వీధి నాగన్న బెంగుళూరుకు పోతాండాడు. మగ్గం అమ్ముతాడంట. నెల దాటితే ఆగడు. నాకొచ్చే సగం దుడ్లు దానికి సరిపోతాయి.”

“మిగతా సగం ఊరికే వదిలేస్తావా?”

ఆమె మోకాళ్లు నిమురుకుంది. “జొరమొచ్చినా వాళ్లింటికి పోయి మగ్గం గుంటలోకి దిగల్ల పాపా. ఇంగ మూడేండ్లు అట్లే దిగమంటావా? నీ లెక్క నీకు సరిపోతుందేమో. నాకు సరిపోదు.”

నాకు కోపం వచ్చింది. చదువుకున్నదాన్ని చెబితే వినలేదని. అయినా మర్నాడు తోడు వెళ్లాను. అధికారి కాగితం చదివి వినిపించి, “బాగా ఆలోచించుకున్నావా అమ్మా?” అని అడిగాడు.

“ఆలోచించేకి వేరే పనేముండాది సామీ నాకు,” అంటూ ఓబుళమ్మ ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. వరసలో నిలబడ్డవాళ్లు ఆమెను చూసి జాలిపడ్డారు.

ఆ నెలలోనే మగ్గం ఆమె ఇంటికి వచ్చింది. ఆ తర్వాత మొదటిసారి జ్వరం వచ్చిన రోజున ఆమె పనికి దిగలేదు. గోడ అవతల అంత నిశ్శబ్దం కొత్తగా ఉండి, వెళ్లి చూశాను. పట్టపగలు దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. “ఈ పొద్దు మగ్గానికి సెలవిచ్చినా,” అంది. ఆమె ముఖంలో అంత సంతోషం అంతకు ముందు చూడలేదు.

భవనం మీద కోర్టులో దావా పడింది. మూడేళ్లనుకున్నది ఆరేళ్లయింది. చివరికి, నాతో సహా ఆగినవాళ్లకు దాదాపు మొత్తం చేతికి వచ్చింది. నేననుకున్నదే నిజమైంది. ఆ మాట చెప్పడానికే, ఇంటికి కూడా పోకుండా ఓబుళమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆమె పని ఆపి అంతా విన్నది. “మంచిదేలే. ఇంగ ట్రైనింగుకి పోతావా?”

“వయసు దాటిపోయింది పెద్దమ్మా.”

“అయ్యో పాపా,” అంది. ఎత్తిపొడుస్తుందేమో అనుకున్నాను. అలాంటిదేమీ లేదు. “ఈ దుడ్లు పెట్టుకోని మళ్లా ఎదురుచూస్తా కూచోగాకు,” అని మాత్రం అంది. ఆ వారమే ప్రైవేటుగా డిగ్రీ పరీక్షకు ఫీజు కట్టాను.

ఓబుళమ్మ పోయి చాలాకాలమైంది. ఆగాలా వద్దా అని ఇప్పటికీ ఎవరో ఒకరు నా సలహా కోసం వస్తుంటారు. పొలం అమ్మకమో, ఉద్యోగమో, ఏదో ఒకటి. ఆగితే ఎంత వస్తుందో వాళ్లు లెక్కవేసుకునే వస్తారు. అంతదాకా ఎలా గడుపుతారని అడుగుతాను. చాలామంది తడబడతారు. బ్యాంకు దగ్గర ఆ రోజు నన్నెవరైనా ఇలా అడిగి ఉంటే నేనూ తడబడేదాన్నే.