చర్చి పక్క గదిలో స్టీలు ప్లేట్లు

మా చర్చి వెనక ఒక గుంత ఉండేది. ఊళ్లో ఎవరింట దావత్ జరిగినా తిని పడేసిన థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు ట్రాక్టర్‌లో తెచ్చి అందులో పోసేవాళ్లు. మర్నాడు పొద్దున్నే నిప్పు అంటుపెట్టేవాళ్లు. ఆ గుంత మా వాడను ఆనుకునే ఉంది. దావత్‌కు మమ్మల్ని పిలిచినా పిలవకపోయినా పొగ మాత్రం మా ఇళ్లలోకే వచ్చేది. మా అమ్మకు దమ్ము, ఊపిరాడదు. పొగ లేచిన రోజు తలుపులు మూసుకుని, కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని మంచం మీద కూర్చునేది. ఎవరినీ ఏమీ అనేది కాదు. ఆమె అట్లా ఏమీ అనకుండా కూర్చోవడం చూస్తే నాకు ఒళ్లు మండేది.

అప్పుడు నేను చేవెళ్లలో ప్రైవేటు బడి ఉద్యోగం మానేసి, మొయినాబాద్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. ఎరువుల దుకాణం పైన రెండు గదులే ఆఫీసు. చుట్టుపక్కల ఊళ్లలో చెత్త తగ్గించడం, నేలను పాడుచేయని చిన్న వ్యాపారాలను నిలబెట్టడం మా పని. కూరగాయలు పండించేవాళ్లను శంకర్‌పల్లి వైపు కొత్తగా వెలసిన కాలనీలకు నేరుగా కలిపేవాళ్లం. పూలతోటల్లో మిగిలిన చెత్తతో ఎరువు చేయడం నేర్పేవాళ్లం. టైలర్లు పక్కన పడేసే గుడ్డతో సంచులు కుట్టించేవాళ్లం. సంస్థ మొదలుపెట్టిన మేడం తొంభైలలో కోస్తా నుంచి ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చారు. చాలా ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, దొంతన్‌పల్లి దగ్గర ఒక గేటెడ్ కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. మాట నెమ్మది, పని గట్టి.

గుంత సంగతి నేనే ఆమెకు చెప్పాను. దావత్‌లకు స్టీలు ప్లేట్లు, గ్లాసులు కిరాయికిస్తే కాల్చడానికి ఏమీ మిగలదు కదా అన్నాను. ఆమెకు ఆ ఆలోచన నచ్చింది. దాతలను అడిగి సామాను కొనిపెట్టారు. పాస్టరు గారు చర్చి పక్కన ఖాళీగా ఉన్న గదిని ఇచ్చారు. మా వాడ ఆడవాళ్లు కొందరు కలిసి ప్లేట్లు కడగడానికి, లెక్క చూసుకోవడానికి ఒప్పుకున్నారు. వచ్చిన కిరాయి వాళ్లదే. మొదటి పెళ్లి మా చుట్టాలదే. భోజనాలయ్యాక కుంకుడు పొడితో తోమి, గుండిగలో కాగే నీళ్లలో ముంచి తీసి ఎండలో పరిచాం. ఆ మర్నాడు పొగ లేవలేదు. అమ్మ బయట అరుగు మీద కూర్చుని చాయ్ తాగింది.

ఆ తర్వాత ఊళ్లో పెళ్లిళ్ల కాలం వచ్చింది. మా గదికి మాత్రం ఎవరూ రాలేదు.

మొదట నాకు అర్థం కాలేదు. ఇల్లిల్లూ తిరిగాను. కేటరింగ్ వాళ్లతో అన్నీ మాట్లాడేశామని ఒకరు, ఇప్పుడందరికీ యూజ్ అండ్ త్రోనే అలవాటని ఒకరు చెప్పారు. అసలు మాట పటేలమ్మ ఇంట్లో విన్నాను. ఊళ్లో అందరూ ఆమెను అట్లాగే పిలుస్తారు. పెద్ద ఇల్లే కాని పొలం కొంచెమే మిగిలింది. టమాటా, బీర, చిక్కుడు వేసి మా సంస్థ ద్వారానే ఆదివారాలు కాలనీలకు తీసుకెళ్లి అమ్ముతుంది. నేనంటే ప్రేమగానే ఉంటుంది. ఆ రోజు కూడా నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. ఇచ్చింది ప్లాస్టిక్ గ్లాసులో. అప్పుడు మెల్లగా చెప్పింది.

"నీ మీద నాకేం లేదు బిడ్డా. మా ఇంటికి సుట్టాలొస్తరు. ఈ ప్లేట్లు ఏడికెల్లి తెచ్చిన్రు, ఇంతకుముందు ఎవరు తిన్నరు అని అడుగుతరు. నేనేమని చెప్పాలె?"

నేను గ్లాసు కింద పెట్టి లేచాను. తిరిగి వస్తుంటే కోపం కంటే అలసట ఎక్కువగా అనిపించింది. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. కాని తళతళలాడే కొత్త స్టీలుకు కూడా అది అంటుకుంటుందని ఎందుకో అనుకోలేదు.

మేడంతో జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండు రోజుల తర్వాత ఆమె నన్ను పిలిచి, సామాను శంకర్‌పల్లి రోడ్డులో ఒక గోడౌన్‌కు మారుద్దామన్నారు. బోర్డు మీద సంస్థ పేరు మాత్రమే ఉంటుంది, కడిగేది మీ ఆడవాళ్లే, వాళ్ల రాబడికి ఏ లోటూ రాదు అన్నారు. ఆమెది చెడు ఉద్దేశం కాదు. ముందు ప్లాస్టిక్ ఆగనివ్వు, మిగతాది ఒక్కరోజులో మారేది కాదు కదా అన్నారు.

"ప్లేట్లు అక్కడికి పోతె అందరు తీసుకుంటరేమో మేడం," అన్నాను. "కానీ కడిగే చేతులు మావే ఉంటయి. చాటుకు ఉంటయి. నేను చాటుకు చెయ్య."

"ఎవరూ తీసుకోకపోతే?"

"తీసుకునేదాక తిరుగుత."

ఉగాది వరకు చూద్దామని, అప్పటికీ గది తలుపు తెరుచుకోకపోతే మళ్లీ మాట్లాడుకుందామని ఆమె అన్నారు. సరేనన్నాను. ఆ రాత్రి అమ్మతో చెబితే, ఎందుకు బిడ్డా పంతం, గోడౌనే మంచిగుండె కదా అంది. వాడలో చాలామంది అదే అన్నారు. కిరాయి పోతోందని వాళ్ల బాధ. అది అన్యాయమైన బాధ కాదు. అయినా నేను వెనక్కి తగ్గలేదు.

మొదట చేసిన పని, కడిగే చోటు మార్చడం. ఇంతకుముందు చర్చి వెనక కడిగేవాళ్లం. ఇప్పుడు ముందు వాకిట్లో, రోడ్డు మీద పోయే ప్రతివాళ్లకూ కనిపించేచోట గుండిగ పెట్టించాను. ప్లేట్లు బయటికి వెళ్లినా వెళ్లకపోయినా వారానికోసారి అన్నీ తీసి తోమి ఆరబెట్టాం. బస్సు కోసం నిలబడినవాళ్లు చూసేవాళ్లు. కొందరు నవ్వేవాళ్లు. ఊళ్లో చిన్న పండుగైనా, పుట్టినరోజైనా వెళ్లి అడిగేదాన్ని. ఒక ఇంట్లో నన్ను చూసి టీవీ గొంతు పెంచారు. మళ్లీ నెల ఆ ఇంటికే వెళ్లాను.

కార్తీకమాసంలో మేడం వాళ్ల కాలనీ వనభోజనాలకు ప్లేట్లన్నీ కావాలన్నారు. మా ఆడవాళ్లు ఎంతో సంతోషపడ్డారు. కొత్త చీరలు కట్టుకుని సామానుతో పాటు ఆటో ట్రాలీలో వచ్చారు. కాలనీ వెనక మామిడితోటలో వంటలు. ఆ పూట కూరగాయలు తెచ్చింది పటేలమ్మే. పొద్దున వచ్చిన మనిషి, బిల్లు ఇచ్చేవాళ్లు పూజలో ఉండటంతో మధ్యాహ్నం దాకా అక్కడే చెట్టు కింద కూర్చుని ఉంది.

వడ్డనలు మొదలయ్యే ముందు నేను బల్లల దగ్గరికి వెళ్లాను. కుటుంబాలవాళ్లకు వేసిన బల్లల మీద మా స్టీలు ప్లేట్లు. దూరంగా ప్రహరీ పక్కన ఇంకో బల్ల. దాని మీద థర్మకోల్ ప్లేట్ల కట్టలు. అవి ఎవరికని అడిగాను. వంటలు చూసుకుంటున్న పెద్దమనిషి మామూలుగా చెప్పాడు, సెక్యూరిటీవాళ్లకు, పనివాళ్లకు, సామాను తెచ్చినవాళ్లకు అని. వాళ్లకు స్టీలు ఎందుకమ్మా, అవి చాల్లే అన్నాడు. సామాను తెచ్చినవాళ్లంటే మేమే.

మా ఆడవాళ్లు నన్నే చూస్తున్నారు. ఆర్డరు పోతే వాళ్ల ముఖం ఎట్లా చూడాలో తెలియదు. అయినా మాట బయటికి వచ్చేసింది.

"మా ప్లేట్లు పెడితె అందరికి పెట్టాలె సార్. లేకుంటె ఇప్పుడే సర్దుకొని తీస్కపోతం."

ఆయన నవ్వబోయి ఆగాడు. నాలుగు వైపుల నుంచి మనుషులు మూగారు. ఇప్పుడీ గొడవేమిటని ఒకావిడ విసుక్కుంది. నేను ఒక బల్ల మీది ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాను. మా ఆడవాళ్లలో ఒకామె వచ్చి నా పక్కన నిలబడి రెండో బల్ల మీదివి పేర్చసాగింది. అప్పుడు మేడం జనంలోంచి వచ్చారు. ప్రహరీ పక్కకు వెళ్లి, ఆ థర్మకోల్ కట్టలు రెండు చేతులా ఎత్తుకుని తన కారు డిక్కీలో వేసి మూసేశారు. తిరిగొచ్చి, ప్లేట్లు చాలకపోతే రెండు పంక్తులుగా తిందామని ఆ పెద్దమనిషితో చెప్పారు.

మొదటి పంక్తిలో సెక్యూరిటీవాళ్లు, పనివాళ్లు, మా ఆడవాళ్లు కాలనీవాళ్ల మధ్యే కూర్చున్నారు. కొందరికి ఇబ్బందిగానే ఉంది. ఇటువాళ్లకూ, అటువాళ్లకూ. పటేలమ్మను నేనే పిలిచాను. ఆమె కదల్లేదు. మేడం వెళ్లి చేయి పట్టుకుని లేపుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. స్టీలు ప్లేటు ముందు పెట్టుకుని కాసేపు దాన్నే చూసింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పులిహోర వడ్డించాను. తింది. పప్పు అడిగి వేయించుకుంది. నా వైపు మాత్రం చూడలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున పటేలమ్మ చర్చి గేటు దగ్గరికి వచ్చింది. నా ఎరుకలో ఆమె అటు రావడం అదే మొదలు. మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారట. ప్లేట్లు కావాలంది.

"సుట్టాలు అడుగుతరు కదమ్మా," అన్నాను.

"అడగనియ్యి. ఆడ కూసోని తిన్న. ఈడ తిననంటె నాకే మంచిగ అనిపిస్తలేదు." మళ్లీ తనే అంది, "మా మరిది రానన్నడు. రాకుంటె మానె."

ఆమె మరిది నిజంగానే రాలేదు. ఇంకా కొందరు వచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న విస్తరాకుల్లో తిన్నారు. పటేలమ్మ మాత్రం స్టీలు ప్లేటులోనే తింది. మా ఆడవాళ్లు సామాను వెనక్కి తీసుకెళ్లడానికి వెళ్లినప్పుడు వాళ్లకు భోజనం పెట్టింది. పెరట్లో పెట్టింది. లోపల పెట్టలేదు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఉగాది వచ్చింది. గోడౌన్ మాట మేడం మళ్లీ ఎత్తలేదు. ఆ ఎండాకాలం ఊళ్లో సగం దావత్‌లకు మా సామాను వెళ్లింది. మిగతా సగం ఇళ్లు ఇప్పటికీ రావు. వాళ్ల చెత్త కాల్చడానికి వీల్లేదని వాడ ఆడవాళ్లమంతా పంచాయతీకి వెళ్లి కూర్చుని గుంత పూడ్పించాం. ఇప్పుడు మొయినాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు ఓనరును పట్టుకున్నాను. రెండుసార్లు కాదన్నాడు. ఈసారి ఒక్కదాన్నే వెళ్లను. ప్లేట్లు తోమే ఆడవాళ్లను కూడా వెంట తీసుకెళ్తాను, ఆయన ఎదురుగా కుర్చీల్లో కూర్చోబెడతాను, ధర మాట వాళ్లతోనే మాట్లాడిస్తాను.