మూడు రోజుల సంతకం

నాకు కోపం ఎక్కువ. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. సౌదీలోని బురైదాలో ఇరవై ఏళ్లు బండి నడిపినవాడికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ చివరి మూడేళ్లూ నా కోపమంతా బండి నేర్చుకోవడానికి నా దగ్గరికొచ్చిన పిల్లల మీద చూపించాను. చూపించాల్సిన చోట మాత్రం నోరు మూసుకున్నాను.

మాది ఇళ్లలో, ఖర్జూర తోటల్లో ఏసీలు, మోటార్లు బాగుచేసే కంపెనీ. ఒకప్పుడు ఎనిమిది మంది డ్రైవర్లం ఉండేవాళ్లం. పొద్దున్నే మెకానిక్‌లను పికప్‌లలో ఎక్కించుకుని ఎవరి పని దగ్గర వాళ్లను దింపి, మధ్యాహ్నం అన్నం అందించి, సాయంత్రం మళ్లీ గదులకు చేర్చేవాళ్లం. తర్వాత నితాఖత్ వచ్చింది. ఇంతమంది సౌదీవాళ్లను పనిలో పెట్టుకోవాలి, లేకపోతే సర్కారు లెక్కలో కంపెనీ రంగు పచ్చ నుంచి ఎరుపుకు మారుతుంది, రంగు మారితే మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావు. దాని వెనకే తలపన్ను వచ్చింది. ఒక్కో పరదేశి తలకు నెలనెలా కంపెనీ కట్టాలి. అప్పుడు మా పైవాళ్లకు డ్రైవర్లు దండగ మనుషులుగా కనిపించారు. మెకానిక్కే బండి నడుపుకుంటే ఒక తల తగ్గుతుంది కదా అన్నారు. ఏడుగురికి ఖురూజ్ కొట్టారు, అంటే మళ్లీ తిరిగి రాకుండా ఇంటికి పంపేశారు. నన్ను ఒక్కణ్నే ఉంచారు, పదకొండు మంది మెకానిక్‌లకు బండి నేర్పడానికి.

వెళ్లిపోయినవాళ్లలో నాతో పన్నెండేళ్లు ఒకే గదిలో ఉన్నవాడు ఒకడున్నాడు. పెట్టె సర్దుకుంటూ నా మొహం చూడకుండా అన్నాడు: "మా పొట్టగొట్టే పని నీకే అప్పజెప్పిండ్రు. మంచిగ నేర్పు మరి." ఆ పదకొండో వాడు నేర్చుకున్న రోజు నా పొట్ట కూడా కొడతారని ఇద్దరికీ తెలుసు.

ఆ పిల్లలందరూ ఇంటి దగ్గర మోటారు సైకిల్ తప్ప ఇంకేమీ నడపనివాళ్లే. డ్రైవింగ్ స్కూలుకు పోయి లైసెన్సు తెచ్చుకోవడం ఒక ఎత్తు, నా పక్కన కూర్చుని బయటపడటం ఇంకో ఎత్తు. బెల్టు పెట్టుకోకపోతే బండి మోగుతుంది కదా, అది మోగకుండా ముందే క్లిప్పు పెట్టేసి, బెల్టు మీద కూర్చునేవాళ్లు. ఒకడు అట్లాగే కూర్చుని, ఫోను చూస్తూ రోడ్డు దిగిపోయి పల్టీ కొట్టాడు. ముందు అద్దంలోంచి ఎగిరి బయటపడ్డాడు. కింద ఇసుక కాబట్టి బతికాడు. నెత్తి మీద పద్నాలుగు కుట్లు. ఆ తర్వాత కొత్తగా ఎవడొచ్చినా ఈ పల్టీ కొట్టినవాడి టోపీ తీయించి ఆ కుట్లు చూపించేవాణ్ని. "చూడుర వారీ, బెల్టు మీద కూసుంటే నెత్తి గిట్లయితది" అనేవాణ్ని. పాపం, వాడు సిగ్గుతో చచ్చిపోయేవాడు. అయినా నేను వదిలేవాణ్ని కాదు.

ఇంకొకడికి ఎండాకాలం పెద్ద రోడ్డు మీద టైరు పేలింది. పేలగానే వాడు రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. బండి మూడు చుట్లు తిరిగి, వచ్చిన దిక్కుకే మొహం పెట్టి ఆగింది. వాడికి చిన్న గీత కూడా పడలేదు. దిగి రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. టైరు పేలితే బ్రేకు ముట్టొద్దు, కాలు తీసెయ్యి, స్టీరింగు గట్టిగా పట్టుకో, బండి తనంతట తానే నెమ్మదిస్తుంది అని వాడికి వందసార్లు చెప్పాను. చెవికి ఎక్కింది కానీ కాలికి ఎక్కలేదు. కాలికి ఎక్కేదాకా నేర్పాలంటే రోజులు కావాలి. ఆ రోజులే నాకు ఇచ్చేవాళ్లు కాదు.

అయితే నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఖాళీ రోడ్డు. మన దగ్గర బండ్లు ఎడమ పక్క నడుస్తాయి, అక్కడ కుడి పక్క. నాలుగు బండ్లు ఉన్న రోడ్డు మీద ఎవడూ తప్పు పోడు, ముందువాడి వెనకాల పోతాడు కాబట్టి. ఎవరూ లేని తోటల రోడ్డు మీదికి గేటులోంచి వచ్చి ఎడమకు తిరిగినప్పుడే ముప్పు. ఇంటి దగ్గర అయితే ఎడమకు తిరిగినవాడు ఎడమ అంచు పట్టుకునే పోతాడు. అక్కడ రోడ్డు దాటి అవతలి వరసలోకి పోవాలి. మనసు మరిచిపోతుంది, చేతులు ఇంటికి పోతాయి. అందుకే ప్రతివాడికీ ఒకటే మాట చెప్పేవాణ్ని: "నీ ఎడమ భుజం రోడ్డు నడిమి గీత దిక్కు ఉండాలె. భుజం దిక్కు ఇసుక కనిపిస్తే సచ్చినవ్." రోజుకు పదిసార్లు ఇదే చెప్తుంటే పిల్లలు నాకు భుజం కాక అని పేరు పెట్టారు. నా వెనకాల భుజం ఎగరేస్తూ నడిచి నవ్వుకునేవాళ్లు.

నవ్వుకోనీ అనుకున్నాను. ఎందుకంటే నేనూ ఆ తప్పు చేసినవాణ్నే. మొదటిసారి సెలవుకు పోయి రెండు నెలలు ఇంటి దగ్గర తిరిగి వచ్చి, వచ్చిన మర్నాడే తోట గేటులోంచి ఎడమకు తిరిగి దర్జాగా తప్పు వరసలో పోయాను. ఎదురుగా నీళ్ల ట్యాంకరు. ఆ డ్రైవరు తన బండిని ఇసుకలోకి దింపాడు కాబట్టి ఇవాళ ఈ ముక్కలు రాస్తున్నాను. ఆ రోజు నుంచి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. తర్వాత కంపెనీ కూడా దాన్ని కాగితం మీద పెట్టింది. సెలవు నుంచి వచ్చినవాడు ఎంత మొనగాడైనా సరే, మూడు రోజులు నేను పక్కన కూర్చుంటేనే బండి తీయాలి. మూడు తేదీలు, మూడు సంతకాలు.

జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ ఒకడుండేవాడు. ఇరవై నాలుగేళ్లు. నా పదకొండు మందిలో వాడి చెయ్యి అంత నిమ్మళమైన చెయ్యి ఇంకొకటి లేదు. ఏడు నెలలు నడిపితే బండికి గీత పడలేదు. నేను తిడితే మిగతావాళ్లు మొహం ముడుచుకునేవాళ్లు, వాడు మాత్రం "ఇంకోసారి చెప్పు కాక" అనేవాడు. వాడంటే నాకు ప్రేమ. ఇప్పుడు దాచుకుని ఏం లాభం, కన్నకొడుకు మీద ఉన్నంత ప్రేమ.

వాడు రెండు నెలలు సెలవుకు పోయి, మోటారు సైకిల్ మీద ఊళ్లన్నీ తిరిగి, మంచి ఎండాకాలంలో తిరిగి వచ్చాడు. మర్నాడు పొద్దున మా మేనేజరు నన్ను పిలిచాడు. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు, చెడ్డవాడని అనలేను. ఆయనకూ పైనుంచి ఒత్తిడి, భార్యాపిల్లలకు కూడా పన్ను పడేసరికి వాళ్లను ఇండియా పంపేసి ఒక్కడే ఉంటున్నాడు.

"పెద్దాయనా, ఏసీ కంప్లైంట్లు అరవై పెండింగ్‌లో ఉన్నాయి. ఒక బండిలో ఇద్దరు, మూడు రోజులంటే ఎలా కుదురుతుందండీ? వాడికి డ్రైవింగ్ బాగా వచ్చుగా. ఇక్కడ సైన్ చేసేయండి."

"రావటం కాదు సార్. ఇంటికి పోయొచ్చినోడు. చేతులు మరిచిపోతయ్."

"ప్రాక్టికల్‌గా ఆలోచించండి. ఖురూజ్ లిస్టు తయారవుతోంది. ఈ టైములో మీరు ప్రాబ్లమ్ చేస్తున్నారని పైకి వెళ్తే నేనేం చేయలేను."

ఆ లిస్టులో నేనున్నానా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. పిల్లల మీద ఎగిరెగిరి పడే ఈ పెద్దమనిషి పెన్ను తీసుకుని, ఇంకా రాని రెండు రోజులతో కలిపి, మూడు తేదీల పక్కన మూడు సంతకాలు పెట్టాడు.

బయట వాడు బండి కడిగి పెట్టుకుని, నా కోసం పక్క తలుపు తీసి నిలబడ్డాడు.

"నువ్వు ఒస్తలేవా కాక?"

"నీకు మంచిగనే ఒస్తదిరా. పో" అన్నాను.

వాడు సంబరపడ్డాడు. నేను మెచ్చుకున్నాననుకున్నాడు. తలుపు వేసి పోయాడు.

మధ్యాహ్నం మూడు దాటాక ఫోను వచ్చింది. తోటలో పని ముగించుకుని గేటులోంచి ఎడమకు తిరిగాడు. అర కిలోమీటరు తప్పు వరసలోనే పోయాడు. మలుపు దగ్గర చెట్ల చాటు నుంచి ఖర్జూరం పెట్టెల పికప్ ఎదురొచ్చింది. నేను పోయేసరికి మనుషులను తీసుకెళ్లిపోయారు. రెండు బండ్లు ఒకదాని మొహంలో ఒకటి దూరి ఉన్నాయి, రోడ్డంతా పచ్చి ఖర్జూరాలు. 

బెల్టు వాణ్ని బతికించింది. మెడ కింది అడ్డ ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి, ఛాతీ మీద బెల్టు అడ్డంగా నల్లగా కమిలిపోయింది. అవతలి డ్రైవరు యాభై దాటిన పాకిస్తానీ. తుంటి ఎముక విరిగింది. బతికాడు కానీ మళ్లీ డ్రైవరు సీటులో కూర్చోలేదు. కేసు వద్దని ఆయనే రాసిచ్చాడు. "ఉస్ బచ్చే కో ఘర్ జానే దో" అన్నాడు నాతో, ఆ పిల్లాణ్ని ఇంటికి పోనీ అని. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. నేను ఎందుకు ఏడుస్తున్నానో ఆయనకు తెలియదు.

ఆసుపత్రి మంచం మీద వాడు నన్ను చూడగానే అన్న మొదటి మాట: "నా తప్పు లేదు కాక. నేను నా దిక్కే ఉన్న. ఆయనే నా మీదికి ఒచ్చిండు."

వాడు అబద్ధం ఆడటం లేదు. నిజంగా అట్లాగే నమ్ముతున్నాడు. నేను ఊరుకుని ఉంటే ఇంకొన్నాళ్లు ఆ నమ్మకంతో పడుకునేవాడు. కానీ పోలీసులు వచ్చి చెప్పేకంటే నేను చెప్పడం నయమనిపించింది.

"నీ భుజం దిక్కు ఏం కనిపించింది బిడ్డా?"

వాడు కళ్లు మూసుకున్నాడు. ఆ రోడ్డంతా మళ్లీ నడిపినట్టున్నాడు. "ఇసుక" అన్నాడు. పక్కటెముకలు విరిగిన మనిషి ఏడిస్తే ఎంత నొప్పో నేను ఆ రోజు చూశాను. ఊపిరి అందక ఏడుపు ఆపుకుంటాడు, ఆపుకోలేక మళ్లీ ఏడుస్తాడు.

మూడు వారాలకు కంపెనీలో విచారణ పెట్టారు. బల్లకు అటువైపు సౌదీ ముదీరు, అంటే మా మేనేజరుకు పైవాడు, ఆయన పక్కన మా మేనేజరు, ఇటువైపు చెయ్యి మెడకు కట్టుకుని వాడు, వాడి పక్కన నేను. ముదీరు చేతిలో నా మూడు సంతకాల కాగితం ఉంది. ఆయన అరబ్బీలో అడిగింది మేనేజరు తెలుగులో అడిగాడు.

"ఈయన మూడు రోజులు నీ పక్కన కూర్చున్నాడా?"

వాడు వచ్చిన మర్నాడే గుద్దుకున్నాడు. తేదీలు చూస్తే ఎవరికైనా తెలిసిపోయే సంగతి. కానీ తేదీలు చూడాలని ఆ గదిలో ఎవరికీ లేదు. లేదని వాడు ఒక్క మాట అంటే దొంగ సంతకం నాదవుతుంది, నాకు ఖురూజ్. నేను ఒక్క మాట అన్నా అంతే. నిజం చెప్పు, చెప్పు అని లోపల్నుంచి ఎవరో గుద్దుతున్నట్టే ఉంది. వాడు నా దిక్కు చూశాడు. నేను బల్ల దిక్కు చూశాను.

"కూసున్నడు సార్" అన్నాడు వాడు. "కాక మంచిగనే నేర్పిండు. తప్పు నాదే."

మేనేజరు గబగబా రాసుకున్నాడు. యాభై రెండేళ్ల మనిషిని, ఇరవై నాలుగేళ్లవాడి వెనక దాక్కున్నాను.

వాడికి ఖురూజ్ ఇచ్చారు. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాను. ముందు తలుపు తీస్తే వద్దని వెనక సీటులో కూర్చున్నాడు. బండి కదిలింది మొదలు ముందు సీటు వెనక భాగాన్ని మంచి చేత్తో పట్టుకునే ఉన్నాడు. "జర మెల్లగ పో కాక" అన్నాడు రెండుసార్లు. నేను అప్పటికే మెల్లగా పోతున్నాను.

దిగేముందు అడిగాను. "ఎందుకట్ల చెప్పినవురా? నేను కూసోలేదని చెప్తే అయిపోతుండె గద."

"చెప్తే ఏమయితుండె కాక? నాకెట్లన్న ఖురూజే. నువ్వు గూడ పోతుంటివి. ఇంకా ముగ్గురు నేర్చుకునేటోళ్లున్నరు, సెలవుకు పోయినోళ్లున్నరు. నువ్వు పోతే వాళ్ల పక్కన ఎవరు కూసుంటరు?"

నన్ను కాపాడాలని కాదు, వాళ్ల కోసం. నేను ఇంకా మాస్టర్‌నే వాడి లెక్కలో. వాడి సంచి పట్టుకుని లోపలిదాకా పోయి, తల మీద చెయ్యి పెట్టి వచ్చాను.

ఆ తర్వాత ఐదు నెలలు అక్కడే ఉన్నాను. ఆ ఐదు నెలల్లో సెలవు నుంచి ఇద్దరు పిల్లలు తిరిగొచ్చారు. ఇద్దరి కాగితాలూ మేనేజరు నా ముందు పెట్టాడు. లిస్టు అప్పటికీ తయారవుతూనే ఉంది. నేను వాళ్ల పక్కన కూర్చోలేదు. మూడేసి తేదీలకు సంతకాలు పెట్టి ఇచ్చేశాను. వాళ్లకేమీ కాలేదు. ఎదురుగా ఏ బండీ రాలేదు, అంతే.