సరిగంగ స్నానం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మేముండే కాపెల్‌లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే ప్లేటు పట్టుకుని లేచిపోయే రకాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను కాబట్టి మీరూ లేచిపోవచ్చు, ఏమీ అనుకోను.

పోయిన వేసవిలో నేనూ, మా ఆయన రవీ ఫ్రాన్స్ వెళ్ళాం. పారిస్‌లో జనాన్ని చూసి విసుగొచ్చి, నది ఒడ్డున పట్టుమని ఇరవై ఇళ్ళు లేని పల్లెలో ఒక ఇల్లు బుక్ చేశాం. పెరట్లోంచి రాతిమెట్లు దిగితే నీళ్ళే.

మా అత్తగారిది రాజమండ్రి. వీడియో కాల్‌లో నది కనపడిందో లేదో, "సరిగంగ స్నానం చెయ్యండర్రా" అన్నారు. అంటే మొగుడూ పెళ్ళాం చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒకేసారి మునగాలి. నీళ్ళు జివ్వుమంటున్నాయి. నేను దిగనన్నాను.

"సరేలే, నేనొక్కడినే మునుగుతా. వీడియో తియ్యి, అమ్మకి పంపుదాం" అన్నాడు రవి.

మిట్టమధ్యాహ్నం. నడుం లోతు నీళ్ళు. అవతలి ఒడ్డున కూడా ఎవరూ లేరు. ముక్కు మూసుకుని మునిగాడు. లేవలేదు.

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. తల సగం పైకొచ్చింది, ఎవరో మెడ పట్టి కుక్కినట్టు మళ్ళీ లోపలికి పోయింది. ఇంకోసారి వచ్చినప్పుడు మొహం మెట్టు అంచుకేసి కొట్టుకుంది. ఫోన్ పడేసి దూకాను. జుట్టు పట్టి లాగినా రాడు. నీళ్ళలోంచి ఏదో నా డొక్కలో తన్నింది, ఊపిరాడలేదు. అయినా వదల్లేదు. ఉన్నట్టుండి పట్టు సడలి ఇద్దరం మెట్ల మీద పడ్డాం. ముందు పళ్ళు విరిగి రవి నోరంతా రక్తం.

నన్ను చూడగానే వెనక్కి పాకాడు.

"నన్నెందుకు నీళ్ళలోకి నొక్కేశావు?" అన్నాడు.

మునిగే ముందు నేను పక్కకొచ్చి చెయ్యి పట్టుకున్నానట. మనసు మార్చుకుని దిగానని సంబరపడ్డాడట. ఆ చెయ్యే మెడ మీదికి వచ్చిందట.

"నేను మెట్ల మీదే ఉన్నా రవీ, వీడియో తీస్తూ."

రవి మెడ వెనక వేళ్ళ గుర్తులు కమిలిపోయి ఉన్నాయి. నా వేళ్ళు ఆనించి, అవి నావి కావని చూపిద్దామంటే దగ్గరికి రానివ్వలేదు.

వీడియో ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో రవి ఒక్కడే. మునిగే ముందు ఎడమ చెయ్యి పక్కకి చాపి, ఏదో అందుకున్నట్టు వేళ్ళు ముడిచి, అటు తిరిగి నవ్వాడు. అటువైపు ఉత్త నీళ్ళు.

ఆ చెయ్యి ఎవరిదో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నాది మాత్రం కాదు. ఆ మాట రవికి ఎన్నిసార్లు చెప్పానో. "తెలుసులే" అంటాడు, మొహం కడుక్కోవడానికి కూడా బాత్‌రూంలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంటాడు.