నేను ఆడిన అబద్ధం, అన్న మెదడు

ఈ మాటను ఏళ్లుగా మోస్తున్నాను. మోసి మోసి విసిగిపోయాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా, మీకు చెబుతున్నాను.

వనపర్తి బస్టాండు దగ్గర అన్నా నేనూ టీ హోటల్ నడిపేవాళ్లం. ఆదివారాలు చర్చిలో అన్నే పాటలెత్తేవాడు. మందు ముట్టని మనిషి. అలాంటివాడి చేతిలోంచి గ్లాసులు జారసాగాయి. మూతి ఒక పక్కకు లాగేది, అటువైపు చెయ్యి అదిరేది, రెప్పపాటులో మళ్లీ మామూలే. తర్వాత మతిమరుపు. టీ ఇచ్చినవాళ్లకే మళ్లీ ఇచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది.

"మీ అన్నకేమైంది?" అని అడిగారు గిరాకీలు.

"ఏముంది, తాగుతుండు," అన్నాను.

ఎందుకన్నాను? రోగమంటే దవాఖానల చుట్టూ తిరగాలి, హోటల్ మూయాలి. తాగుడంటే తిట్టి ఊరుకోవచ్చు. అంతే, ఇంకేం లేదు. ఆ మాట చర్చికి చేరింది. అన్న చేత పాట మాన్పించారు. వదిన నన్నే అడిగింది.

"నిజం చెప్పు తమ్మీ, తాగుతుండా?"

తలూపాను. ఆమె లింగాలలోని పుట్టింటికి వెళ్లిపోయింది.

అన్న ఫిట్స్ వచ్చి పొయ్యి పక్కన పడిపోయాకే హైదరాబాదు తీసుకెళ్లాను. పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మెదడులో ఒక కణం వదిలిన గ్లూటమేట్ అనే రసాయనాన్ని పక్క కణం మీది గ్రాహకాలు అందుకుంటాయట. ఆ గ్రాహకాలు వాటంతట అవే సరిగా పనిచేయవు. వాటిని కణాలు కలిసే చోటికి చేర్చడానికి, అక్కడే నిలపడానికి, ఎంతసేపు తెరుచుకోవాలో సర్దడానికి తోడు ప్రోటీన్లు కావాలి. అలా నిలిపి ఉంచే ఒక ప్రోటీన్ మీద అన్న ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడి చేస్తోంది. ఆ అదురుకూ మరుపుకూ కారణం అదే.

"మొదట్లనే తెస్తే జ్ఞాపకం ఇంత పోకపోతుండె," అంది.

మందులతో అదురు ఆగింది. వదిన తిరిగొచ్చింది. చర్చివాళ్లూ రమ్మన్నారు, కానీ అన్నకు పాటలు సగం గుర్తులేవు. తనను తాగుబోతన్న సంగతీ గుర్తులేదు. నేనే తనను బతికించానని అందరికీ చెప్పుకుంటాడు.

వదినకు అన్నీ గుర్తున్నాయి. "నువ్వు తెల్వక అన్నవు, పోనీ తీయ్," అంటుంది. ఆ మాటకు నామీద నాకే ఎంత విసుగో. క్షమించిందా? దేన్ని? నేను చేయని పొరపాటునా?

తెలియక కాదు. పొద్దంతా పక్కనే నిలబడేవాణ్ని, అన్న నోట ఏనాడూ వాసన లేదు. తెలిసే అన్నాను.

ఇంతవరకు ఈ ముక్క పైకి అనలేదు. ఇప్పుడన్నాను.