నా ముందరే ఇంగ్లీషులో

మా ఇంగ్లీషు మేడమ్ పోయారని వాళ్ళ మేనల్లుడు ఒంగోలు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మొదట అన్న మాట, "నువ్వెవరు బాబూ?" అని. ఈ రోజుల్లో ఫోన్లో ఎవరైనా ఏమైనా చెప్తారు. మేడమ్ హైదరాబాదులో ఎక్కడ ఉండేవారో, ఏం పాఠాలు చెప్పేవారో అడిగాను. పాపం, అత్త పోయిన బాధలో ఉన్న పిల్లవాడు అన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. అప్పుడుగానీ కొట్టు మధ్యలో కూలబడి ఏడవలేదు. నేనంతే. కూరగాయల బండి దగ్గర ముందు తక్కెడ వంక చూసి, ఆ తర్వాతే కూర వంక చూస్తాను. మేడమ్‌ను కూడా చాలాకాలం నమ్మలేదు. చనిపోయినవాళ్ళను ఆకాశానికెత్తే రాతలంటే కూడా నాకు అనుమానమే కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది పోచంపల్లి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో మాకు చీరల కొట్టుంది. మా ఆయన మగ్గాల దగ్గరికి తిరుగుతాడు, కొట్టు నేను చూసుకుంటాను. బేరమాడడంలో ఆ సందులో నన్ను మించినవాళ్ళు లేరు. అట్లాంటి నాకు ఈ వయసులో ఇంగ్లీషు ఎందుకు కావలసి వచ్చిందంటే, కన్నబిడ్డ మీద అనుమానమొచ్చి.

అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. ఎల్‌బీ నగర్ దగ్గర ఒక ఇంగ్లీషు మీడియం బడి. పేరెంట్స్ మీటింగుకు ఎప్పుడూ నేనే వెళ్ళేదాన్ని. క్లాస్ టీచరు ఇంగ్లీషులోనే మాట్లాడేది, అక్కడి రూలు అది. ఒకసారి ఆమె కనుబొమలు ముడిచి, పెన్నుతో టేబుల్ మీద కొడుతూ చాలాసేపు మాట్లాడింది. మధ్యమధ్య నా వంక చూసింది. నేను నవ్వుతూ తలూపుతున్నాను. అయిపోయాక అమ్మాయిని అడిగాను, "ఏమంటున్నది?"

"మంచిగనే చదువుతున్ననంట మమ్మీ."

అంతేనా? గంపెడు మాటలు పోస్తే చేతికొచ్చింది పిడికెడు. తూకంలో ఎక్కడో తేడా ఉంది. మార్కులు దాస్తోందా? బడి ఎగ్గొడుతోందా? తల్లి మనసు ఎక్కడెక్కడికి పోవాలో అక్కడికల్లా పోయింది. ఇంట్లో గుచ్చి అడిగితే "నీకన్నీ డౌట్లే" అని విసుక్కుని తలుపేసుకుంది. ఇంక లాభం లేదనుకున్నాను. నా ముందరే నన్ను మోసం చేస్తుంటే పళ్ళికిలిస్తూ కూర్చోవడమా? ఆ ముక్కలేవో నేనే నేర్చుకుని ఆ దొంగతనం నేనే పట్టుకుంటాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లీషు నేర్పేవాళ్ళకు కొదవా? గోడ కనిపిస్తే చాలు బోర్డు. టై కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడిన సార్ల ఫొటోలు. నెల రోజుల్లో వస్తుందని ఒకరు, రాకపోతే ఫీజు వాపసని ఇంకొకరు. ఒక్కరినీ నమ్మలేదు. మా కొట్టుకొచ్చే ఒకామె చెప్పింది, గడ్డిఅన్నారంలో పాత పండ్ల మార్కెట్ వెనక ఒక బిల్డింగు పెంట్‌హౌస్‌లో ఒక మేడమ్ మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు నేర్పుతుందని. వెళ్ళి చూస్తే బోర్డు లేదు, ఫొటో లేదు, సర్టిఫికెట్టూ లేదు. ఉన్నదల్లా ఒక చాప, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గోడగడియారం. బోర్డు ఉన్నవాళ్ళనే నమ్మని దాన్ని, బోర్డు లేనామెను ఎట్లా నమ్మాలి? ఇన్సూరెన్సు అంటగడుతుందేమో, చిట్టీ వెయ్యమంటుందేమో అనుకుంటూ, పారిపోవాల్సి వస్తే తొందరగా దొరికేట్టు చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వెళ్ళాను.

మేడమ్ సన్నగా, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుని ఉన్నారు. నా పేరు అడగలేదు, చదువు అడగలేదు. "మీ ముందే ఇంగ్లీషులో మాట్లాడుకునేదెవరండీ?" అని అడిగారు.

నేను గతుక్కుమన్నాను. "మీకెవరు చెప్పిన్రు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు. ఈ వయసులో ఇంగ్లీషు మీద ప్రేమతో ఎవరూ రారండీ. ఎవరిమీదో అనుమానంతోనే వస్తారు. అనుమానమున్నవాళ్ళకి చెవులు చురుగ్గా పనిచేస్తాయి. మీకు తొందరగానే వచ్చేస్తుంది."

అది నిజమే. క్లాసంతా నాలాంటివాళ్ళే. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె, కోడలు రోజంతా ఫోన్లో ఇంగ్లీషులో తనమీద చాడీలు చెప్తోందని చేరింది. పట్టుబట్టి నేర్చుకుంది. ఒకనాడు మొహం వేలాడేసుకుని వచ్చింది. ఏమైందమ్మా అంటే, "అంత ఆఫీసు ముచ్చటే మేడమ్. పొద్దంత చెవి పెట్టి ఇన్న. ఒక్కసారన్న నా ఊసెత్తదు!" అంది. మేడమ్ అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

మేడమ్ పాఠం గుడ్‌మార్నింగుతో మొదలయ్యేది కాదు, పోట్లాటతో మొదలయ్యేది. "మర్యాదలు తర్వాత నేర్చుకుందాం. కోపంలో మనిషి సిగ్గు మర్చిపోతాడు, సిగ్గు పోతే మాట వస్తుంది" అనేవారు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టేవారు. ఒకరు దుకాణందారు, ఒకరు చిరుగున్న చీర వాపసు తెచ్చినామె. తెలుగు ముక్క దొర్లితే ఓడిపోయినట్టే. నడుం మీద చెయ్యేసుకుని "వాట్ డిడ్ యూ సే?" అనమనేవారు. దాంట్లో నాకు ఎదురులేదు. "బాబోయ్, మీతో గెలవలేనండీ" అని మేడమే కుర్చీలో కూలబడేవారు. కానీ నాకు మాట్లాడడం అక్కర్లేదని, చాటుగా వినడం వస్తే చాలని ఒకసారి అంటే మాత్రం ఆమెకు కోపమొచ్చింది. "విని ఊరుకోవడానికైతే నా దగ్గరకి రావద్దు" అన్నారు.

నేర్చుకుంటున్న సంగతి ఇంట్లో చెప్పలేదు. తర్వాతి మీటింగుకు ఏమీ ఎరగనిదానిలా వెళ్ళి కూర్చున్నాను. నవ్వడం, తలూపడం మానలేదు. చెవులు మాత్రం టీచరు నోటి దగ్గరే ఉన్నాయి. అమ్మాయి సైన్సులో ఫెయిలైందంది. అది పట్టుకున్నాను. దొరికావే దొంగా అనుకున్నాను. ఆ వెంటనే టీచరు, గొంతయినా తగ్గించకుండా అంది: తల్లికి చదువు లేదు కదా, ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు, ఇట్లాంటి ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలతో ఎప్పుడూ ఇదే సమస్య, ఈమెకు చెప్పినా ఏమర్థమవుతుంది.

అమ్మాయి వంక చూశాను. చెవులు ఎర్రబడ్డాయి, చూపు నేల మీద ఉంది. గొంతు మాత్రం వణకలేదు. "సైన్సుల జర ఎక్కువ చదవాల్నంట మమ్మీ. మిగతాదంత మంచిగున్నదంట." ఎక్కడా తడుముకోలేదు. బాగా అలవాటైన పని చేస్తున్నట్టు చెప్పింది. ఎన్ని మీటింగుల నుంచి ఇట్లా నెట్టుకొస్తోందో నా తల్లి!

లేచి నిలబడ్డాను. చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది. "వాట్ డిడ్ యూ సే?" అన్నాను. "ఐ యామ్ హర్ మదర్. టెల్ మీ. నాట్ హర్."

టీచరు చేతిలోని పెన్ను కింద పెట్టింది. "అయ్యో, కూర్చోండమ్మా, మీకు వస్తుందని చెప్పలేదేం?" అంది, చక్కటి తెలుగులో. ఇన్నాళ్ళూ ఆ నోట్లో అంత మంచి తెలుగు ఉందని నాకూ తెలీదు.

తల్లీకూతుళ్ళం మెట్రో స్టేషను దాకా నడిచాం. మెట్ల దగ్గర అమ్మాయి ఆగింది. "నీకు ఇంగ్లీషు ఎప్పటిసంది ఒస్తది మమ్మీ?"

"మొన్న మొన్ననే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పినవా నాకు?"

అంతే, అంతమంది జనంలో నన్ను పట్టుకుని భోరుమంది. ఫెయిలైనందుకు ఆ రాత్రి నాలుగు తిట్టాలనుకున్నదాన్ని, అన్నం కలిపి ముద్దలు పెట్టాను.

మర్నాడు మేడమ్‌కు చెప్తే మెచ్చుకోలేదు. "పాపని తిట్టారా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. "మీరు పడాల్సిన మాటలన్నీ ఆ పిల్ల పడిందండీ. ఇంక ఆ పని నుంచి దాన్ని తప్పించండి" అన్నారు. తప్పించాను. ఆ తర్వాత బడిలో గానీ బ్యాంకులో గానీ బిడ్డను మధ్యలో నిలబెట్టి ఎవరితోనూ మాట్లాడలేదు. అది మేడమ్ పెట్టిన భిక్ష. ఎక్కడైనా ఒప్పుకుంటాను.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? మేడమ్ ఒక్కరే ఎందుకుంటారు? ఇంటికెవరూ ఎందుకు రారు? అంత ఇంగ్లీషు వచ్చిన మనిషి ఒక బోర్డయినా పెట్టుకోకుండా మావంటివాళ్ళతో ఎందుకు తలకాయ పగలగొట్టుకుంటున్నారు? వాచ్‌మన్‌ను కదిపితే నాకేం తెలుసమ్మా అన్నాడు. ఉండబట్టలేక ఆమెనే అడిగేశాను. "మీరెవరి మీద అనుమానంతోని నేర్చుకున్నరు మేడమ్?" ఆమె గడియారం వంక చూసి, "టైమైందండీ, మొదలుపెడదాం" అన్నారు. ఇప్పుడు మా క్లాసువాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తున్నారు, మొగుడని ఒకరు, ఆఫీసని ఒకరు. నేను ఏదీ నమ్మను. ఆమె చెప్పలేదు కాబట్టి నాకు తెలీదు, అంతే.

ఈమధ్య మేడమ్ కళ్ళు పచ్చబడ్డాయి. క్లాసువాళ్ళమే ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖానలో చేర్పించాం. మేడమ్ సొంతూరు ఒంగోలు నుంచి వాళ్ళ తమ్ముడు మర్నాడు వస్తానన్నాడు. ఆ మధ్యాహ్నం తోడుగా నేనున్నాను. డాక్టరు ఉత్తరాది అబ్బాయి, తెలుగు రాదు. నన్ను తలుపు బయటికి పిలిచి, ఇంగ్లీషు వచ్చా అని అడిగాడు. గర్వంగా "ఎస్ డాక్టర్, టెల్ మీ" అన్నాను. ఎందుకన్నానో! రాదంటే ఎంత బాగుండేది. లివర్ పూర్తిగా పాడైంది, మేము చేయగలిగింది ఇంకేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి, ఎక్కువ రోజులు ఉండరు అన్నాడు. ఒక్క ముక్క కూడా జారిపోలేదు, అన్నీ అర్థమయ్యాయి. నమ్మబుద్ధి కాక మళ్ళీ అడిగాను. నాకు భాష సరిగ్గా రాదనుకుని ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాను. "ఏమన్నారండీ?" అన్నారు మేడమ్.

"మంచిగనే ఉన్నదంట మేడమ్. రెండు దినాలల్ల ఇంటికి పంపిస్తరంట. జర తినమన్నడు."

అచ్చం మా అమ్మాయి గొంతు. నాకే వినిపించింది. మేడమ్ నా మొహం మీది నుంచి చూపు తిప్పలేదు. ఆ పచ్చటి కళ్ళలోని అనుమానం నాకు కొత్తది కాదు, రోజూ అద్దంలో చూసేదే.

"ఆయన ఇంగ్లీషులో అన్నది ఇంగ్లీషులోనే చెప్పండి" అన్నారు.

నోరు తెరిచాను. తెలుగులో అయితే అబద్ధం దానంతటదే వస్తుంది, ఎన్ని బేరాలు చేసిన నోరు ఇది! ఇంగ్లీషులో ఆమె నాకు అడగడం నేర్పారు, కొట్లాడడం నేర్పారు. అబద్ధమాడేంత ఇంగ్లీషు నాకింకా రాలేదు. డాక్టరు ఏ మాటలన్నాడో ఆ మాటలే, ఏడుస్తూ, ఒక్కొక్కటే చెప్పాను. ఆమె చివరిదాకా విన్నారు. "బాగా చెప్పారండీ" అన్నారు.

కాసేపటికి దిండు ఎత్తు చేయమన్నారు. కిటికీలోంచి కింద రోడ్డు మీద ఆంధ్రా బస్సులు కనిపిస్తున్నాయి. "అందులో ఒంగోలు బస్సు ఏదండీ?" అని అడిగారు. అంత పైనుంచి బస్సు మీది అక్షరాలు ఎక్కడ కనిపిస్తాయి? అయినా వేలెత్తి, కదులుతున్న ఒక బస్సును చూపించాను. మేడమ్ ఈసారి మారు ప్రశ్న వేయలేదు. అది మలుపు తిరిగేదాకా దాన్నే చూస్తూ ఉన్నారు.