తాడు కట్టిన పెట్టె

పంతొమ్మిది వందల అరవైల్లో నేను జహీరాబాదు సర్కారు దవాఖానలో గుమాస్తాను. బి.ఏ. ప్యాసై మందుల చీటీల మీద తేదీలు వేసేవాణ్ణి. మా నర్సమ్మ నాకంటే పదేళ్లు పెద్ద. ఇంటి నుంచి పాత చీరలు తెచ్చి, ఉడికించి, చింపి, కాన్పుల వార్డులో పసిబిడ్డలకు పొత్తిగుడ్డలు చేసేది. అది ఆమె డ్యూటీలో లేని పని. మొగుడంపల్లి నుంచి బండి కట్టుకొచ్చేవాళ్లు డాక్టరున్నాడా అని కాదు, నర్సమ్మ ఉందా అని అడిగేవారు. డాక్టరుగారూ వస్తూనే అదే అడిగేవారు.

ఆ ఏడు ఎన్నికల్లో మా పాత నాయకుడు ఓడిపోయాడు. గెలిచినాయన, ఊళ్లో ఎవరు ఎవరి మనుషులో ఆరా తీయించాడు. నర్సమ్మ పాతాయన మనిషిగా తేలింది. ఆమె చేసిన రాజకీయమల్లా ఒకసారి ఆయన తల్లికి సూది వేయడం. నెలాఖరుకల్లా ఆదిలాబాదు వైపు బదిలీ అని కాగితం వచ్చింది.

ఆమె ఏడవలేదు. రేకు పెట్టెకు తాడు కట్టి దవాఖాన వరండాలోనే పెట్టుకుంది. గంట కొట్టగానే వచ్చేది, గంట కొట్టగానే పోయేది. పనేమీ తగ్గించలేదు, పని మాత్రమే చేసింది. పొత్తిగుడ్డలు ఆగిపోయాయి.

"సూది సక్కగ ఏసుడే తప్పయినంక, గుడ్డలెందుకు సాబ్" అంది.

కొత్తాయన గడప తొక్కే ధైర్యం లేక పాతాయన దగ్గరికి పోయాను. నర్సమ్మ మంచిదని జిల్లా ఆఫీసుకు ఒక్క ముక్క రాయమన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

"నేను మంచిదంటే ఆయన రేపే పంపుతడు. చెడ్డదని రాయి, దస్కత్ పెడ్త."

రాశాను. నర్సమ్మ పొగరుబోతనీ, మా మాట లెక్కచేయదనీ, వెంటనే పంపించేయాలనీ. కింద ఆయన సంతకం పెట్టాడు. నా బి.ఏ. పూర్తిగా అక్కరకొచ్చిన ఉత్తరం అదొక్కటే.

జిల్లాకు పోయిన ఆ కాగితం ఎట్లా చేరిందో గానీ కొత్తాయన చేతికి చేరింది. పది రోజుల్లో బదిలీ రద్దయింది. ఆయనే స్వయంగా దవాఖానకు వచ్చి, ఆ ఉత్తరమే ఆమె చేతిలో పెట్టి, ఎవరేం రాసినా తానున్నానని అభయమిచ్చిపోయాడు.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. రోజూ రిజిస్టర్లో నా చేతిరాత చూసే మనిషి.

"సాబ్, పొగరుబోతని పాతాయన చెప్పిండా, మీరే రాసిన్రా?"

ఆయనే చెప్పాడన్నాను. ఆమె నమ్మినట్టే తల ఊపి, పెట్టె తాడు విప్పి వరండా స్తంభాలకు కట్టింది. సాయంత్రానికి దాని మీద పొత్తిగుడ్డలు ఆరుతున్నాయి. వాటిలో రెండు, నా కుర్చీ మీది తువాలు ముక్కలు.